గుహ ముందు నీళ్ల లీడరు

పిల్లలు మాట వినడం లేదని కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంటారు. రిటైరైన మనిషికి ఇంకేం పని, వింటాడులే అని వాళ్ల నమ్మకం. నేను వింటాను, చాయ్ ఇప్పిస్తాను, ఆ తర్వాత ఈ ఒక్క సంగతి చెబుతాను. పిల్లలు మాట వినకపోతే వచ్చే ఇబ్బంది మీకు తెలుసు. వింటే వచ్చే ఇబ్బంది నాకు తెలుసు. నల్లమల అడవిలో ఒక గుహ ముందు, నడినెత్తి మీద ఎండ కాస్తుండగా, నలభై మంది దాకా పిల్లలు నా మాటను అక్షరం పొల్లు పోకుండా పాటించారు. ఆ రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మాది మర్రిగూడ మండలంలో ఒక హైస్కూలు. నేను సైన్సు చెప్పేవాణ్ని. మర్రిగూడ పేరెత్తితే నల్లగొండ జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నీళ్ల గోస. అక్కడ భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగిన పెద్దవాళ్లకు నడుములు వంగిపోయాయి, మెడలు బిగుసుకుపోయాయి. పిల్లలకు ముందు పళ్ల మీద గోధుమరంగు గీతలు పడ్డాయి. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఇంటింటికీ నల్లా పెట్టి కృష్ణా నీళ్లు ఇచ్చారు. దాంతో కథ అయిపోయిందని మీరనుకుంటారు. కాలేదు. నల్లా రెండు పూటలు రాకపోతే జనం బిందె చంకన పెట్టుకుని మళ్లీ బోరు దగ్గరికే పోయేవాళ్లు. నల్లా నీళ్లు మందు వాసన కొడుతున్నాయని కొందరు, బోరు నీళ్లు తాగితేనే దాహం తీరినట్టు ఉంటుందని ఇంకొందరు. పెద్దవాళ్లను మార్చడం నా వల్ల కాదని తేలిపోయి, నేను పిల్లల మీద పడ్డాను.

అట్లా పుట్టిందే నీళ్ల లీడరు పదవి. క్లాసుకొక లీడరు. పొద్దున బడికి రాగానే పిల్లల సీసాల్లో నీళ్లు ఎక్కడివో ఆ లీడరు అడగాలి. నల్లావైతే సరే, బోరువైతే పారబోయించి బడి నల్లా కింద మళ్లీ నింపించాలి. బయటికి ఎక్కడికి పోయినా, తెలియని నీళ్లు ఎవరిచ్చినా, లీడరు ఊఁ అనేదాకా నోట్లో పోయకూడదు. అక్కడితో ఆగితే బాగుండేది. నాకు కొంచెం నాటకాల పిచ్చి ఉంది. ‘నేనిచ్చినా సరే తాగొద్దు’ అని ఇంకో ముక్క కలిపాను. కలిపి ఊరుకోకుండా పరీక్షలు కూడా పెట్టేవాణ్ని. ఆటలాడి చెమటలు కక్కుతూ వచ్చిన పిల్లల ముందు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని నిలబడి, తాగు బిడ్డా, ఇవి మంచివే, నీ సారునే చెప్తున్నా కదా అని బుజ్జగించేవాణ్ని. గ్లాసులో ఉండేవి నల్లా నీళ్లే. కానీ లీడరును అడగకుండా చెయ్యి చాపిన వాణ్ని చూసి క్లాసంతా సాయంత్రం దాకా నవ్వేది. రెండేళ్లు గడిచేసరికి మా బళ్లో ఒక్క పిల్ల కూడా నా చేతి నీళ్లకు ఆశపడే స్థితిలో లేదు. నేను దీన్ని గొప్ప విజయమనుకుని మురిసిపోయాను.

తొమ్మిదో తరగతి నీళ్ల లీడరు సన్నగా, నిటారుగా ఉండే ఒక పిల్ల. నా పరీక్షలో ఒక్కసారి కూడా పడలేదు. నేను గ్లాసు పట్టుకుంటే ఆమె గ్లాసు వంక చూసేది కాదు, నా మొహంలోకి చూసేది. మాట్లాడేటప్పుడు ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. పళ్ల మీది గీతలు కనిపించకూడదని. నల్లా మా ఊరికి వచ్చేటప్పటికే ఆ పిల్లకు పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చేశాయి. తల్లీతండ్రీ హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ అవ్వే మా బళ్లో మధ్యాహ్నం వంట చేసేది. అవ్వకు నడుము వంగిపోయింది, మెడ ఎటూ తిరగదు. పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం ఇటు తిరగాల్సిందే. తల వెనక్కి వాలదు కాబట్టి గ్లాసు ఎత్తి తాగడం కుదరదు. మనవరాలే గిన్నె వంచి ఆమె పెదవుల దగ్గర పట్టేది. నీళ్ల విషయంలో ఆ పిల్లకు అంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఏటా మా బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయే పని ఎవరో ఒకరి నెత్తిన పడేది. పోతే సాగర్ డ్యాం, లేకపోతే హైదరాబాదులో జూ. ఆ ఏడు నేను నల్లమల అడవికి పోదామన్నాను. మా పిల్లలు అడవి పాఠం చదివి మార్కులు తెచ్చుకోవడమే తప్ప అడవిని చూసింది లేదు. మా వైపు పత్తి చేలూ కంది చేలూ తప్ప కంటికి ఆనే చెట్టు తక్కువ. దిండి దాటి అచ్చంపేట మీదుగా పోతే, పొద్దుటి పూటకే పులులు తిరిగే అడవిలో ఉంటాం. అడవి దాటి ఘాట్ రోడ్డు దిగితే కృష్ణ మీదే ఇంకో డ్యాం, దాని వెనక నీళ్లు. అక్కడ పడవ ఎక్కితే కృష్ణ ఒడ్డునే కొండల్లో గుహలు. గైడు టార్చి పట్టుకుని లోపలికి తీసుకుపోతాడని విన్నాను. మా బడి నుంచి అంతకుముందు ఎవరూ పోలేదు. నేను కూడా పోలేదు.

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, భయస్థుడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. సాగర్‌కు ఏమైంది, జూకు ఏమైంది, జూలో కూడా పులి ఉంది కదా, అది బోనులో ఉంటుంది కూడా అని వాదించాడు. నేను వదల్లేదు. చివరికి విసిగిపోయి కుర్చీలో వెనక్కి వాలాడు.

“సరే పో. గని ఒక్కటి ఇను. ఒక్క పిల్లకు ఏమన్న అయిందంటే పూచీ నీది. నేను వద్దన్న, గాయన ఇనలే అని అందరి ముందట చెప్త.”

ఆ మాట ఆయన బెదిరింపుగా అనలేదు, తనను తాను కాపాడుకోవడానికి అన్నాడు. నాకు మాత్రం అది ఆ రోజు నుంచి యాత్ర అయ్యేదాకా చెవిలో మోగుతూనే ఉంది.

ఇంక ఏర్పాట్ల సంగతి. మా బళ్లో ఆటలు నేర్పే పి.ఇ.టి. సారుది పాలమూరు. సాయిబుల ఇంటి మనిషి, నవ్వు మొహం. ఏ పని చెప్పినా ఫికర్ చేయకుండ్రి సార్, నేనున్న కదా అనేవాడు. ఊరికే మాటకు అనడం కాదు, చేసేవాడు. ఒక ఆదివారం తన మోటారుసైకిలు మీద ఒంటరిగా ఆ దారంతా పోయి చూసొచ్చాడు. రోడ్డు ఎట్లా ఉంది, చెక్‌పోస్టు గేటు ఎప్పుడు తీస్తారు, పడవ ఎక్కడ దొరుకుతుంది, పిల్లలకు మరుగు ఎక్కడ, అన్నీ కనుక్కున్నాడు. గుహ పక్కనే బండలోంచి ఊట నీళ్లు కారుతాయని, తాను తాగి చూశానని, చల్లగా తియ్యగా ఉన్నాయని చెప్పాడు. ఇంతకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు? కానీ ఆయన ఎప్పుడూ తడిగుడ్డ చుట్టిన స్టీలు బాటిలుతో ప్రయాణం చేసే మనిషి. అందుకని చెక్‌పోస్టు దగ్గర ఆయన్ని ఎవరూ ఆపలేదు, ఏమీ అడగలేదు. ఆ ఒక్క సంగతి ఆయనకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగు పెట్టాం. పులుల గురించి అడుగుతారని, పడవ మునిగితే ఎట్లా అంటారని, గుహలో పాములుంటాయంటారని జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్కరూ ఆ ఊసెత్తలేదు. లేచినవాళ్లంతా అడిగింది ఒకటే ప్రశ్న, తాగడానికి నీళ్లు ఏడివి అని. ఇక్కణ్నుంచే తీసుకుపోతాం, మన నల్లా నీళ్లే అన్నాను. అందరి మొహాలూ తేటపడ్డాయి. పులి సంగతి ఎవరికీ పట్టలేదు. మా లీడరు పిల్లను అవ్వ మొదట పంపనంది. అమ్మానాన్న ఊళ్లో లేరు, ఏమైనా అయితే వాళ్లకు నేనేం చెప్పాలి అంది. అయితే నువ్వు కూడా రా, ఆడపిల్లలకు తోడుంటావు, పులిహోర నీ చేత్తోనే కలిపి తేవచ్చు అంటే ఒప్పుకుంది.

శివరాత్రికి కొద్ది రోజుల ముందు, తెల్లవారకముందే బయల్దేరాం. ప్రతి పిల్ల చేతిలో ఒక నీళ్ల సీసా. అవన్నీ పెళ్లిళ్లలో తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలే, మా ఊళ్లో పిల్లలకు వేరే సీసా ఎవరు కొంటారు. ఆ రోజు బస్సంతటికీ నీళ్ల లీడరు మా తొమ్మిదో తరగతి పిల్లే. ఆమె బస్సు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగి లోపలికి పంపింది. డ్రైవర్‌ను కూడా అడిగింది. ఆయన నవ్వి సీసా చూపించాడు.

అడవి మొదట్లో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. బస్సెక్కి చుట్టూ చూసి, అడవిలోకి ప్లాస్టిక్ సీసాలు తీసుకుపోకూడదని, ఇక్కడ పెట్టి పోతే వచ్చేటప్పుడు తీసుకోవచ్చని చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, జింకలు వాటిని నమిలి చచ్చిపోతున్నాయట. నేను పి.ఇ.టి. సారు వైపు చూశాను. ఆయన తన స్టీలు బాటిలు వైపు చూసుకున్నాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

అప్పటికి ఆకలి వేళ. రోడ్డు పక్కనే పులిహోర పెట్టేశాం. పులిహోర తెచ్చిన పెద్ద గుండిగ ఖాళీ అయింది. అవ్వ దాన్ని కడిగితే, పిల్లల సీసాల్లో నీళ్లన్నీ అందులో పోయించి మీద పళ్లెం మూశాం. లీడరు పిల్ల గుండిగ పక్కన సీటు వదలకుండా కాపలా కూర్చుంది. నా తెలివికి నేనే సంతోషపడ్డాను. ఆ సంతోషం ఘాట్ రోడ్డు దాకే. మలుపు తిరిగిన ప్రతిసారీ నీళ్లు పళ్లేన్ని తోసుకుని బయటికి దూకాయి. కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. మొహాలు కడగడానికి కొన్ని, పుక్కిలించడానికి కొన్ని పోయాయి. డ్యాం దగ్గరికి దిగేసరికి బస్సు నేల తడిసి ముద్దయింది, గుండిగ అడుగున నీళ్లు మిగిలాయి. వాటిని గ్లాసుతో తలా కొంచెం పోసింది లీడరు పిల్ల. చిన్నవాళ్లకు ముందు, పెద్దవాళ్లకు తర్వాత, అవ్వకు గిన్నె వంచి పట్టి. తన వంతు వచ్చేసరికి గుండిగలో ఏమీ లేదు. నేను అది గమనించాను. గమనించి కూడా పెద్దగా బాధపడలేదు. గుహ దగ్గర ఊట ఉందని నాకు తెలుసు కదా.

పడవ ఆలస్యమైంది. ఒడ్డున నీడ లేదు. పడవ ఎక్కాక గాలికి ప్రాణం లేచొచ్చింది. అటూ ఇటూ నిట్టనిలువు కొండలు, మధ్యలో పచ్చటి నీళ్లు. మా నల్లాలోకి వచ్చేది ఈ నదేనని చెబితే పిల్లలు నమ్మలేదు. ఇన్ని నీళ్లుంటే మరి నల్లా రెండేసి పూటలు ఎందుకు రాదని ఒకడు అడిగాడు. పడవ దిగి గుహ దాకా రాతిదారి ఎక్కాలి. అవ్వను పి.ఇ.టి. సారు ఒక చేత్తో పట్టుకుని ఎక్కించాడు. ఎండ నెత్తిన కొడుతోంది. గుహ ముందు బండ కింద నీడలోకి చేరేసరికి అందరి పెదాలూ ఎండిపోయాయి.

అక్కడ మాకోసం గైడు ఎదురుచూస్తున్నాడు. ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, నోట్లో ఆకువక్క. పక్కనే బండలోంచి సన్నటి ధార కారి రాతి గుంటలో నిండుతోంది. గైడు సొరకాయ బుర్రతో ముంచి, ముందు నీళ్లు తాగండి, తర్వాత లోపలికి పోదాం అన్నాడు. ఒక్క పిల్ల కదలలేదు. అందరూ లీడరు వంక చూశారు. లీడరు అడ్డంగా తలూపింది.

నేను నవ్వాను. పర్లేదమ్మా, తాగండి అన్నాను. ఎవరూ తాగలేదు. ఇవి మన బోరు నీళ్లు కావు, పి.ఇ.టి. సారు తాగి చూశారు అన్నాను. ఆయన మళ్లీ తాగి చూపించాడు. నేనూ తాగాను. ఒకపూట తాగితే ఎట్లాంటి నీళ్లైనా ఎముకలకు ఏమీ కాదని పాఠం మొత్తం మళ్లీ చెప్పాను. నేను ఎంత చెబితే పిల్లల మొహాల్లో అంత ముసిముసి నవ్వు. వెనక వరసలో ఒకడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచి, పరీక్షరా అన్నాడు. వాళ్లు నా మాట కాదనడం లేదు. నేను రెండేళ్లుగా నేర్పిందే చేస్తున్నారు. ఎండలో చెమటలు కక్కుతున్న పిల్లల ముందు నీళ్లు పట్టుకుని బుజ్జగించే సారును ఎట్లా గెలవాలో వాళ్లకు బాగా తెలుసు.

అప్పుడు లీడరు పిల్ల కూర్చుంది. కావాలని కూర్చోలేదు, బండకు ఆనుకుని అట్లాగే జారింది. మొహంలో నెత్తురు లేదు. పులిహోర తిన్నప్పటి నుంచి ఆమె గొంతులో చుక్క పడలేదు. నేను బుర్రతో నీళ్లు తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. బతిమాలాను. హెడ్మాస్టరు మాట చెవిలో హోరుమంటోంది. ఆస్పత్రి ఎక్కడో, పడవ ఎక్కడో. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నీరసంగానే, నా మొహంలోకి చూసింది.

“మీరిచ్చినా తాగొద్దన్నరు గద సారూ.”

నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. బలవంతంగా పోయవచ్చు, పెద్ద పనేం కాదు. పి.ఇ.టి. సారు ఆ మాట అన్నాడు కూడా. కానీ ఆ పిల్ల పళ్లు బిగించి కూర్చుంది. అప్పుడు అవ్వ కదిలింది. మనిషి మొత్తం ఇటు తిరిగి, మనవరాలి ఎదురుగా కూలబడింది.

“సారు మాట పక్కన వెట్టు బిడ్డా. సారుకు గీ నీళ్లు కొత్త, మనకు కొత్త. దినాం తాగేటోళ్లను అడుగు. నీకు అడగనీకె రాదా?”

పిల్ల అవ్వ మొహంలోకి చూసింది. తర్వాత గైడు వైపు తిరిగింది.

“అన్నా, నువ్వు చిన్నప్పటి సంది గివే తాగినవా?”

ఔనన్నాడు గైడు. వానలకు ముందు తర్వాత ఎప్పుడైనా ఈ చుట్టుపక్కల ఊటలే తాగుతామన్నాడు.

“జర పండ్లు చూపెట్టు.”

గైడుకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూశాడు. చూపించు తండ్రీ అన్నాను. నోరు తెరిచాడు. ఆకువక్కతో నోరంతా ఎర్రగా ఉంది. పిల్ల మొహం మాడ్చుకుని, మరకలున్నాయి అంది. పిల్లలందరూ గుంపుగా ముందుకు జరిగి గైడు నోట్లోకి తొంగి చూస్తున్నారు. పాపం ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇది వక్క మరక తల్లీ అని, అదే ఊటలో నీళ్లతో పుక్కిలించి ఉమ్మి, ఒక పుల్ల విరిచి నమిలి పళ్లు తోముకున్నాడు. ఒక టూరిస్టు గుంపు ముందు నిలబడి పళ్లు తోముకున్న గైడు దేశంలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు. మళ్లీ పుక్కిలించి, గోటితో ముందు పన్ను గీకి చూపించాడు. ఎరుపు పోయి తెల్లగా వచ్చింది. పిల్లల్లో ఒక నిట్టూర్పు లేచింది. గీకితే పోయే మరకలు మా ఊళ్లో లేవు.

లీడరు పిల్ల లేచి దగ్గరికి వెళ్లి, మడమలెత్తి నిలబడి, పై వరస, కింది వరస చూసింది. ఇంకో ప్రశ్న ఉంది ఆమె దగ్గర.

“మీ అవ్వ ఉన్నదా అన్నా? నడుము మంచిగున్నదా?”

“ఉన్నది తల్లీ. ఇప్పటికి కట్టెలకు గుట్టెక్కుతది. నాకంటె ముందు ఎక్కుతది.”

పిల్ల తన అవ్వ వంక ఒకసారి చూసింది. గైడుకు అప్పటికి సంగతి కొంత తెలిసినట్టుంది. మరి నీ పళ్లు చూపించవా తల్లీ అని మెల్లగా అడిగాడు. పిల్ల చెయ్యి నోటి మీదికి పోయింది. అక్కడే కొంచెం సేపు ఆగింది. తర్వాత చెయ్యి తీసేసి, ఆయన చూపించినట్టే, పెదాలు విప్పి చూపించింది. గైడు చూశాడు. బుర్ర ఊటలో ముంచి ముందుగా ఆమె చేతికే ఇచ్చాడు.

ఆమె తాగింది. గుటకలు నాకు వినబడ్డాయి. బుర్ర ఖాళీ చేసి మళ్లీ ముంచి, అవ్వ పెదవుల దగ్గర వంచి పట్టింది. ఆ తర్వాత మిగతావాళ్లకు చెప్పింది.

“తాగుండ్రి.”

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో మంచి మాటలు విన్నాను. సన్మానాలూ జరిగాయి. ఆ ఒక్క మాటకు కలిగినంత ఊరట ఇంకే మాటకూ కలగలేదు. పిల్లలు ఊట మీద పడి, తాగి, నెత్తిన పోసుకుని, ఒకరి మీద ఒకరు చల్లుకుని ఆ చోటంతా బురద చేశారు. పి.ఇ.టి. సారు పక్కకు పోయి ఆకాశం వైపు రెండు చేతులూ చాపి, మొహం తుడుచుకుని వచ్చాడు. నేను బండ మీద కూర్చుండిపోయాను.

గుహ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. దానికోసమే కదా అంత దూరం పోయింది. లోపల చీకటి, గబ్బిలాల వాసన, టార్చి వెలుగులో తడి బండలు. పోను పోను దారి ఇరుకై, పైకప్పు కిందికి దిగుతుంది. వంగి నడవాలి, తల జాగ్రత్త అని గైడు ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చాడు. అయినా నేను రెండుసార్లు నెత్తి కొట్టుకున్నాను. వరసలో అవ్వ దగ్గరికి వచ్చేసరికి చెప్పబోయిన మాట మింగి నిలబడిపోయాడు. అవ్వే అందుకుంది.

“నాకేం చెప్తవ్ బిడ్డా. నేను దినాం గిట్లనే గద నడిచేది.”

ముందు గైడు నవ్వలేదు. అవ్వ నవ్వింది, ఆమె నవ్వాక అందరూ నవ్వారు. ఆ నవ్వు గుహలో తిరిగి తిరిగి మాకే వినబడింది. గుహ చివర అందరం వంగి, ఒకరి నడుము ఒకరు పట్టుకుని నిలబడ్డాం. నడుము నొప్పి పుట్టి నేను బయటపడదామన్నాను. అవ్వ ఒక్కతే తొందరపడలేదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలంతా సోలిపోయారు. చెక్‌పోస్టు దగ్గర మా సీసాలు మాకిచ్చారు. గేటు దాటాక లీడరు పిల్ల అవ్వ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అవ్వ సారూ అని పిలిచింది. ఆమె వెనక్కి తిరగలేని మనిషి కాబట్టి నేనే లేచి ఆమె ముందుకు పోయి కూర్చున్నాను.

“నా చిన్నప్పుడు మా వాడకట్టుకు బోరింగు వేసిండ్రు సారూ. నీళ్లు వడ్డయని డప్పు గొట్టిండ్రు, కొబ్బరికాయ గొట్టిండ్రు. తర్వాతన్న గా నీళ్లు తాగేటోళ్ల పండ్లు జూస్తమని ఒక్కలన్న అనలే.”

అవ్వ కళ్లు కిందికి దించి భుజం మీది తలను చూసుకుంది.

“పోనీ తియ్యి. అడిగేది ఒకతి మా ఇంట్లనే పుట్టింది.”

బడి దగ్గర బస్సు ఆగేసరికి చీకటి పడింది. హెడ్మాస్టరు గేటు ముందు నిలబడే ఉన్నాడు, ఎప్పటినుంచి నిలబడ్డాడో. దిగే ప్రతి పిల్లనూ తల నిమిరి చూసుకున్నాడు. చివరగా లీడరు పిల్ల అవ్వను పట్టుకుని దిగింది. మొహం పీక్కుపోయి ఉండడం చూసి, ఆయన గబగబా గదిలోకి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి, తాగు బిడ్డా అని చాపాడు.

“ఏడివి సారూ?”

అడిగేటప్పుడు ఆమె చెయ్యి నోటికి అడ్డం లేదు. హెడ్మాస్టరు కంగారుగా నా వంక చూసి, నల్లావే తల్లీ, పొద్దున నేనే పట్టిన అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, గ్లాసు అందుకుని, ముందు అవ్వ పెదవుల దగ్గర వంచి పట్టింది.